రిజిస్టర్‌లో ఎవరి పేరు? (హాస్టల్ చరిత్రలు - 9)



ఈ వరసలో ఇప్పటిదాకా ఎనిమిది రాశాను. కొల్హాపూర్‌లో సాహూ మహారాజ్ 1908లో అంటరాని పిల్లల కోసం పెట్టించిన మిస్ క్లార్క్ హాస్టల్‌తో మొదలైంది. 1925లో బాబాసాహెబ్ బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో తెరిచిన హాస్టల్ మీదుగా మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ల దాకా వచ్చాం. మెస్సు గురించి రాశాను, నీళ్ల ట్యాంకు గురించి రాశాను, ఒకే మంచం మీద ఇద్దరు ముగ్గురు పడుకున్న రోజుల గురించి రాశాను. ఇవాళ గోడలోంచి వచ్చే తీగ గురించి. యూనివర్సిటీ హాస్టల్లో మన సొంత కంప్యూటర్‌నో ఫోన్‌నో వాళ్ల నెట్‌వర్క్‌కి కలుపుకోవాలంటే ఉండే రూల్స్ గురించి.

నిన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి "వైఫై రూల్స్‌లో కూడా చరిత్ర వెతుకుతావా అన్నా" అని నవ్వాడు. వెతుకుతాను తమ్ముడూ. ఏ కాగితంలో ఏం రాసుందో తెలియకుండా వేలిముద్ర వేసే కదా మన తాతల భూములు పోయాయి. ఇంత చదువుకున్నాక కూడా మనం చదవకుండా టిక్కు కొట్టే కాగితం ఇది.

ముందు ఆ కాగితంలో ఏముంటుందో చూద్దాం. దేశం మారినా, యూనివర్సిటీ మారినా దాదాపు ఒకటే. నీ పరికరాన్ని నీ పేరు మీద రిజిస్టర్ చేయించుకోవాలి. నీ లాగిన్ ఇంకొకరికి ఇవ్వకూడదు. సొంత రౌటర్ పెట్టకూడదు. గదిలోంచి సర్వర్ నడపకూడదు. యాంటీవైరస్ ఉండాలి. సినిమాలు, పాటలు దొంగచాటుగా పంచుకోకూడదు. తప్పితే కనెక్షన్ తీసేస్తాం. అధికారుల నిర్ణయమే తుది నిర్ణయం.

ఇవన్నీ ఒక్కరోజు కూర్చుని రాసినవి కావు. ఒక్కో గొడవ తర్వాత ఒక్కోటి వచ్చి చేరింది. ఎవరి గొడవకు ఎవరు రూలు మోశారన్నదే నాకు కావాల్సిన చరిత్ర.

కథ అమెరికాలో మొదలవుతుంది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో డార్ట్‌మత్ అనే పాత కాలేజీ ఉంది. 1984లో, ఆపిల్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్ బజారులోకి వచ్చిన ఏడాదే, అక్కడ కొత్తగా చేరే విద్యార్థులను అది కొనుక్కోమన్నారు. ఆ ప్రాంతంలోనే హాస్టల్ గదులకు తీగలు లాగారు. తలగడకొక కనెక్షన్ అని వాళ్ల లెక్క. గదిలో ఎంతమంది పడుకుంటే అన్ని. ఈ లెక్క నాకు నచ్చుతుంది, ఎందుకంటే గదిని కాకుండా మనిషిని లెక్కపెట్టింది. కానీ దాని వెనక ఒక ఊహ కూడా ఉంది. ప్రతి తలగడ పక్కనా ఒక సొంత కంప్యూటర్ ఉంటుందని, అది కొనిపెట్టే అమ్మానాన్నలు ఉంటారని. ఆ తర్వాత ప్రపంచమంతా పాకిన రూల్స్ ఈ ఊహ మీదే నిలబడ్డాయి.

ఇక్కడ ఇంజనీర్ల పక్షాన ఒక మాట చెప్పాలి. హాస్టల్ నెట్‌వర్క్ ఉమ్మడి బావి లాంటిది, ఒకరు చెడగొడితే అందరికీ చెడుతుంది. ఒక కుర్రాడు బజార్లో రౌటర్ కొనుక్కొచ్చి గోడ తీగను తప్పు కన్నంలో గుచ్చాడనుకోండి. నెట్‌వర్క్‌లో కొత్తగా చేరే ప్రతి కంప్యూటర్ ముందు "నాకో అడ్రస్ ఇవ్వండి" అని కేక వేస్తుంది. దానికి బదులు చెప్పాల్సింది యూనివర్సిటీ సర్వర్. కానీ పక్క గదిలో ఉన్న ఈ రౌటర్ ముందుగా అందుకుని తన దగ్గరున్న అడ్రస్ ఒకటి చేతిలో పెడుతుంది. ఆ అడ్రస్ పట్టుకుంటే బయటికి దారి దొరకదు. తెల్లారేసరికి వరండా వరండాకే నెట్ పోతుంది. ఎవరి వల్ల పోయిందో ఎవరికీ తెలియదు. సొంత రౌటర్ వద్దనే రూలు ఇలాంటి రాత్రుల్లోంచి వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను.

మరి ఎవరి వల్ల పోయిందో తెలియాలంటే ఎలా? ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు వేస్తారు. మ్యాక్ అడ్రస్ అంటారు. పన్నెండు గుర్తులుంటాయి. మొదటి సగం చూస్తే ఏ కంపెనీ తయారుచేసిందో తెలుస్తుంది, రెండో సగం ఆ ఒక్క కార్డుదే. మొదటి సగం ఇంటిపేరు, రెండో సగం సొంత పేరు అనుకోండి. యంత్రాలకు కూడా ఇంటిపేరే ముందు!

1999లో టెక్సాస్‌లోని సౌత్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు నెట్‌రెగ్ అనే పద్ధతిని బయటపెట్టారు. కొత్త కంప్యూటర్ తగిలించి ఏ వెబ్‌సైట్ కొట్టినా ఒకే పేజీ వస్తుంది: నువ్వెవరు? యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే నీ పేరు పక్కన నీ యంత్రం నంబరు చేరుతుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. చవకైన, తెలివైన పద్ధతి. ఇంకా చాలా యూనివర్సిటీలు అదే దారి పట్టాయి. అక్కడి నుంచి హాస్టల్‌కు రెండు రిజిస్టర్లు అయ్యాయి. వార్డెన్ దగ్గర మనుషుల రిజిస్టర్, సర్వర్ గదిలో యంత్రాల రిజిస్టర్.

రిజిస్టర్ అంటూ ఒకటి పెట్టాక అది పెట్టినవాడి పనికే ఆగదు. మన ఊళ్లలో జనాభా లెక్కల పుస్తకం, నేరస్త తెగల పుస్తకం ఎన్ని పనులకు వాడారో మనకు తెలుసు. ఇక్కడా అంతే. అదే 1999లో నాప్‌స్టర్ వచ్చింది. బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చదివిన షాన్ ఫానింగ్ అనే పంతొమ్మిదేళ్లు కూడా నిండని కుర్రాడు తయారుచేశాడు. హాస్టళ్లలో పాటల పంపకం మొదలైంది, యూనివర్సిటీల లైన్లు కిక్కిరిసిపోయాయి. 2000 ఏప్రిల్‌లో మెటాలికా అనే రాక్ బృందం నాప్‌స్టర్‌తో పాటు మూడు యూనివర్సిటీల మీద కూడా కేసు వేసింది. యేల్, ఇండియానా వెంటనే నాప్‌స్టర్‌ను ఆపేశాయి, వాటిని కేసులోంచి వదిలేశారు. 2003 ఏప్రిల్‌లో రికార్డింగ్ కంపెనీల సంఘం ఏకంగా నలుగురు విద్యార్థుల మీదే కేసులు పెట్టింది. హాస్టల్ నెట్‌వర్క్‌లో పాటలు వెతికే సైట్లు నడిపారని. ఒక్కొక్కరు 12,000 నుంచి 17,500 డాలర్ల దాకా కట్టి రాజీపడ్డారు. 2008లో అమెరికా ఉన్నత విద్యా చట్టంలోనే ఈ పాటల దొంగతనాన్ని అరికట్టే బాధ్యత యూనివర్సిటీల మీద పెట్టారు. వరండాలో నెట్ పోతే ఎవరి రౌటరో కనుక్కోవడానికి పెట్టిన రిజిస్టర్, ఎక్కడో ఉన్న కంపెనీ లాయర్‌కు కుర్రాడి పేరు అప్పజెప్పే రిజిస్టర్‌గా మారడానికి నాలుగైదేళ్లు కూడా పట్టలేదు.

యాంటీవైరస్ రూలు సంగతి వేరు. 2003 ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వైరస్ విండోస్ కంప్యూటర్ల మీద పడింది. సరిగ్గా అమెరికాలో హాస్టళ్లు తెరిచే ముందు. సెలవుల్లో ఇంట్లో వైరస్ అంటించుకున్న కంప్యూటర్లను వేలమంది ఒకేసారి మోసుకొచ్చారు. యూనివర్సిటీలు సీడీలు పంచాయి, శుభ్రం చేశామని చూపిస్తే తప్ప తీగ తగిలించనివ్వలేదు, జబ్బు యంత్రాలను విడిగా ఒక నెట్‌వర్క్‌లో ఉంచాయి. శుద్ధి అయ్యేదాకా లోపలికి రానివ్వకపోవడం, విడిగా ఉంచడం, ఈ మాటలు చదువుతుంటే నాకు ఒళ్లు ఏదోలా అవుతుంది. కానీ న్యాయంగా మాట్లాడుకుందాం. వైరస్ నిజంగానే అంటుకుంటుంది. మనం అంటుకోం.

అదే ఏడాది నవంబర్‌లో హార్వర్డ్‌లో జరిగింది మీకు సినిమాగా తెలుసు. హాస్టళ్ల ఆన్‌లైన్ ఫొటో జాబితాల్లోంచి విద్యార్థినుల బొమ్మలు లాగి, ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారో ఓటేయమని ఒక సైట్ పెట్టాడు మార్క్ జుకర్‌బర్గ్. యూనివర్సిటీ అతని ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసింది. భద్రత ఉల్లంఘన, కాపీరైట్, వ్యక్తుల గోప్యత, మూడు అభియోగాలు పెట్టి విచారించింది. చదువు మాత్రం పోలేదు, కాలేజీలో ఉండనిచ్చారు. మూడు నెలలకు, 2004 ఫిబ్రవరిలో, అదే హాస్టల్ గదిలోంచి ఫేస్‌బుక్ వచ్చింది. కనెక్షన్ తీసేయడం అనే శిక్ష అతనికి ఎంత బరువు? నాలుగు రోజుల చిరాకు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక మన దగ్గరికి. దేశంలో విద్యాసంస్థలను కలిపే ఎర్నెట్ 1986లో మొదలైనా, తీగ ల్యాబ్ దాటి హాస్టల్ గది దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ముందు ఐఐటీల్లాంటి చోట్లకు వచ్చింది. రావడంతోనే దానికి కర్ఫ్యూ కూడా వచ్చింది. 2007 మార్చిలో ఐఐటీ బాంబే తన 13 హాస్టళ్లలో రాత్రి 11 దాటితే గదుల్లో ఇంటర్నెట్ ఆపేసింది. పిల్లలు నిద్రపోవడం లేదు, పక్క గదివాడి మొహం కూడా చూడటం లేదు అన్నది వాళ్ల బాధ. బాధ అబద్ధం కాదు. కానీ రాత్రి 11 తర్వాత ఎవరు ఏం చేస్తున్నారన్నది ఒక్కో గదిలో ఒక్కోలా ఉంటుంది.

నా గదిలో ఎలా ఉండేదో చెప్తాను. నేను పీజీ చదివిన యూనివర్సిటీ పేరు ఇక్కడ అవసరం లేదు. సికింద్రాబాద్ సీటీసీలో తిరిగి తిరిగి, ఒక షాపులో మదర్‌బోర్డు, ఇంకో షాపులో మానిటర్, అన్నీ సెకండ్ హ్యాండే, ముగ్గురం డబ్బులు వేసుకుని ఒక కంప్యూటర్ కూర్చాం. ఆ ఏడు స్కాలర్‌షిప్ పరీక్షలైపోయాక గానీ రాలేదు. ముగ్గురిలో ఒకడి వాళ్లమ్మ పత్తి ఏరిన కూలి అందులో ఉంది. దాన్ని ఆటోలో పెట్టుకుని వస్తుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముగ్గురం కలిసి పట్టుకున్నాం.

హాస్టల్ ఆఫీసులో ఫారం ఇచ్చారు. పేరు, రోల్ నంబర్, గది నంబర్, మ్యాక్ అడ్రస్. కింద ఒక గీత: కొనుగోలు బిల్లు జిరాక్స్ జతపరచవలెను. మా దగ్గర బిల్లు ఎక్కడిది? నాలుగు షాపుల్లో బేరమాడి కొన్న పాత సామానుకు బిల్లు ఇచ్చేవాడు ఎవడు? క్లర్క్ ఫారం వెనక్కి తోశాడు. "బిల్లు లేదంటే ఇది ఎక్కడిదో మాకెట్లా తెలుస్తది" అన్నాడు. ఎక్కడిదో అన్న మాటలో ఏముందో మా ముగ్గురికీ అర్థమైంది, అతనికీ తెలుసు. రూలులో దొంగ అన్న మాట లేదు. బిల్లు అన్న మాట ఒక్కటే ఉంది. కొత్త డబ్బాతో వచ్చినవాళ్లను ఆ మాట ఏమీ అనదు.

రెండో చిక్కు, ఒక యంత్రానికి ఒకే పేరు. మేం ముగ్గురం. లాగిన్ పంచుకోకూడదు. అంటే ఆ కంప్యూటర్‌కు ఇద్దరు యజమానులు కాగితం మీద లేనట్టే. చివరికి పై ఫ్లోర్‌లో ఉండే ఒక సీనియర్, బిల్లు ఉన్నవాడు, తన పాత యంత్రాన్ని జాబితాలోంచి తీయించి మాది తన పేరు మీద రాయించాడు. రెండేళ్లు మా చదువంతా ఇంకొకరి పేరు మీద నడిచింది. వంతులు వేసుకున్నాం. నా వంతు రాత్రి 11 నుంచి 2 దాకా. క్లాసులో ఇంగ్లీషులో దాటిపోయినదంతా నేను ఆ మూడు గంటల్లో పట్టుకునేవాణ్ని. అందుకే రాత్రి 11 కర్ఫ్యూ గురించి ఎవరైనా పిల్లల ఆరోగ్యం అని మొదలుపెడితే, నాకు ముందు వంతుల లెక్క గుర్తొస్తుంది. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి రోజుకు ఇరవైనాలుగు గంటలు. ముగ్గురికి ఒకటి ఉన్నచోట 11 తర్వాతే ఎవడిదో ఒకడి పగలు మొదలవుతుంది.

నెట్‌వర్క్‌లో ఎవరి కంప్యూటర్లున్నాయో పేర్లు కనిపించేవి అప్పట్లో. వాటికి జనం కులం తోకలు తగిలించేవాళ్లు. ఆ వరసలో మా వాడు మా యంత్రానికి మహాడ్ అని పేరు పెట్టాడు. అదేం పేరని ఒక్కడూ అడగలేదు.

పరాయి పేరు మీద రిజిస్టర్ అనగానే మీలో చాలామందికి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. బరోడా. 1917. కొలంబియాలో చదువుకుని వచ్చిన బాబాసాహెబ్ ఉద్యోగంలో చేరడానికి బరోడా వెళ్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రం ఒకటి ఉంది, కానీ అది పార్సీలకే. సత్రం చూసేవాడికి డబ్బు కావాలి. పార్సీ పేరు ఒకటి పెట్టుకో, రిజిస్టర్‌లో అదే రాస్తాను అన్నాడు. రోజుకు రూపాయిన్నర. రాశారు. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. నువ్వెవరు అని అడిగారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇదంతా ఆయనే రాసుకున్నారు. నన్ను ఇప్పటికీ ఆపేసే వివరం ఒకటుంది. న్యూయార్క్‌లో కొలంబియా హాస్టల్ లివింగ్‌స్టన్ హాల్‌లో ఆయనతో ఉన్న స్నేహితుడు నావల్ భటేనా, పార్సీయే. అక్కడ ఇద్దరూ తమ తమ పేర్లతో ఉన్నారు. ఇక్కడ ఆ స్నేహితుడి జాతి పేరు అరువు తెచ్చుకుంటే గానీ మంచం దొరకలేదు, దొరికినా పదకొండు రోజులే.

రిజిస్టర్‌లో వేరే పేరు రాయడం మోసమా? రిజిస్టర్‌ను నడిపేవాడి వైపు నుంచి చూస్తే మోసమే. సత్రం రూలు అందరికీ తెలిసిందే, అతిక్రమించింది ఆయనే. ఆ రూలు ఎందుకుంది అని అడిగితే తప్ప జవాబు మారదు.

ఇంకో పేరు చెప్తాను. బాబాసాహెబ్‌తో పోల్చడానికి కాదు, రిజిస్టర్ సంగతికి. ఆరన్ స్వార్ట్జ్. అప్పట్లో ఎంఐటీలో అతిథులు కూడా తమ యంత్రాన్ని నెట్‌వర్క్‌కు కలుపుకోగలిగేవాళ్లు, ఏడాదిలో 14 రోజుల దాకా. 2010 సెప్టెంబర్‌లో అతను ఒక కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి గ్యారీ హోస్ట్ అనే పేరుతో రిజిస్టర్ చేశాడు. పొట్టిగా రాస్తే ఘోస్ట్, దయ్యం. జేస్టోర్ అనే భాండాగారంలోంచి పరిశోధన వ్యాసాలు కుప్పలుగా దింపుకోవడం మొదలుపెట్టాడు. డబ్బులు కట్టిన యూనివర్సిటీలకు మాత్రమే తెరుచుకునే వ్యాసాలవి. ఎంఐటీ ఆ యంత్రం మ్యాక్ అడ్రస్‌ను అడ్డుకుంది. అతను ఆ అడ్రస్ మార్చి మళ్లీ వచ్చాడు. తర్వాత తీగల గదిలోకే వెళ్లి నేరుగా తగిలించాడు. 2011 జనవరి 6న అరెస్టు చేశారు. 2012 సెప్టెంబర్ నాటికి అభియోగాలు 13 అయ్యాయి. 2013 జనవరి 11న ప్రాణం తీసుకున్నాడు. వయసు 26. మారుపేరుతో రిజిస్టర్ చేయడం, యంత్రం నంబరు మార్చడం, ఇవి అభియోగపత్రంలో వివరంగా ఉన్నాయి. జేస్టోర్ సభ్యత్వం లేని కాలేజీలో పీహెచ్‌డీ చేసే మన పిల్లలకు ఆ తాళం బరువు తెలుసు. హార్వర్డ్‌లో జుకర్‌బర్గ్ ఫొటోలు లాగినప్పుడు కాలేజీ కమిటీ కూర్చుంది. ఇక్కడ వ్యాసాలు లాగితే ఫెడరల్ కోర్టు కూర్చుంది.

కనెక్షన్ తీసేయడం అనే శిక్ష దగ్గరికి మళ్లీ వస్తానన్నాను.

2015 డిసెంబర్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బహిష్కరించింది. ఆ ఉత్తర్వును జాగ్రత్తగా చదవండి. క్లాసుకు వెళ్లొచ్చు, లైబ్రరీకి వెళ్లొచ్చు, సెమినార్లకు వెళ్లొచ్చు. హాస్టల్‌కు వెళ్లకూడదు, పరిపాలనా భవనంలోకి వెళ్లకూడదు, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా కనిపించకూడదు. చదువు ఆపలేదు కదా అని అప్పుడు చాలామంది పెద్దలు వాదించారు. పరిశోధక విద్యార్థికి హాస్టల్ గది అంటే మంచం ఒక్కటే అనుకునేవాళ్ల వాదన అది. కంప్యూటర్ పెట్టుకునే బల్ల, కరెంటు ప్లగ్గు, నెట్ తీగ, థీసిస్ కాగితాలు, అన్నీ ఆ గదే. ఆ ఐదుగురు 2016 జనవరి మొదట్లో పరుపులు, బాబాసాహెబ్ పటాలు మోసుకుని షాప్‌కామ్ దగ్గర ఆకాశం కింద వెలివాడ కట్టారు. జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు.

రెండు నెలల తర్వాత, మార్చి 22న వైస్ ఛాన్సలర్ తిరిగొచ్చిన రోజు, నిరసన, లాఠీచార్జి, అరెస్టులు. మెస్సులు మూతపడ్డాయి. నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ ఆగిపోయాయని హాస్టళ్లలో ఉన్న విద్యార్థులు లోకానికి చెప్పుకున్నారు. చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర మిగిలింది ఫోన్లలోని సొంత డేటానే. ఆ మూడింటి వరస చూడండి. నీళ్లు ఆపడం మనకు తెలిసిన పాత శిక్ష, కారంచేడు, చుండూరు చూసిన జాతికి సాంఘిక బహిష్కరణ ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ జాబితాలో ఇంటర్నెట్ ఎప్పుడు చేరింది అని నన్నడిగితే నేను ఈ తేదీయే చెప్తాను. నెట్‌వర్క్ రూల్స్‌లో కనెక్షన్ తీసేయడానికి ఒక్కో విద్యార్థి తప్పు చూపించాలి. ఇక్కడ ఒక్కొక్కరి తప్పు ఎవరు లెక్కపెట్టారు?

కేరళలో మూడేళ్ల తర్వాత ఇంకో అమ్మాయి ఈ ప్రశ్నను కోర్టుకు తీసుకెళ్లింది. కోజికోడ్ జిల్లా చేలన్నూరులో శ్రీ నారాయణగురు కాలేజీ. ఆ పేరు చూడండి, గుడి తలుపులు అందరికీ తెరిచిన నారాయణగురు పేరు. అక్కడి బాలికల హాస్టల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఫోన్ వాడకూడదని రూలుండేది. 2019 జూన్‌లో దాన్ని సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా అని మార్చారు, అంటే సరిగ్గా చదువుకునే వేళ. డిగ్రీ అమ్మాయిలకు ల్యాప్‌టాప్ కూడా లేదు. బీఏ ఇంగ్లీషు చదివే ఫహీమా షిరిన్ ఒప్పుకోనంది. హాస్టల్ నుంచి పంపేశారు. ఇక్కడ తీగ కాలేజీది కూడా కాదు, ఫోన్ ఆమెది, సిమ్ ఆమెది, రీచార్జి ఆమెది. అయినా రూలు వాళ్లది. తల్లిదండ్రులే కోరారు అన్నది కాలేజీ వాదన.

2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టులో జస్టిస్ పి.వి. ఆశ తీర్పు చెప్పారు. ఇంటర్నెట్ అందుబాటులో ఉండటం చదువుకునే హక్కులో భాగం, ఆర్టికల్ 21 కింద గోప్యత హక్కులోనూ భాగం, దాన్ని దెబ్బతీసే రూలు చట్టం ముందు నిలవదు. అమ్మాయిని వెంటనే హాస్టల్లో చేర్చుకోమన్నారు. హాస్టల్ క్రమశిక్షణ వద్దని కోర్టు అనలేదు. క్రమశిక్షణ పేరుతో చదువు దారి మూయకూడదంది. మన తెలుగు రాష్ట్రాల్లో అమ్మాయిల హాస్టళ్ల నోటీసు బోర్డుల పక్కన ఈ తీర్పు జిరాక్స్ ఎన్నిచోట్ల అంటించి ఉందో మీరే చూసి చెప్పండి.

ఇప్పటి పరిస్థితి. యంత్రాల రిజిస్టర్ పాతబడుతోంది. 2020 నుంచి ఐఫోన్లు, అంతకు కాస్త ముందు నుంచి కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక్కో వైఫై దగ్గర ఒక్కో మారు మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి, మనం అడగకుండానే. స్వార్ట్జ్ అభియోగపత్రంలో ఒక వివరంగా ఉన్న పనిని ఇప్పుడు కంపెనీలు ఫోన్ డబ్బాలోనే పెట్టి అమ్ముతున్నాయి, గోప్యత అని పేరు పెట్టి. దాంతో నంబరును నమ్ముకున్న యూనివర్సిటీలు ఆ సెట్టింగ్ ఆపేయమని కొత్త రూలు రాస్తున్నాయి. ఇంకొన్ని యంత్రాన్ని వదిలి నేరుగా మనిషి దగ్గరికి వచ్చాయి: రోల్ నంబర్‌తో లాగిన్. బిల్లు జిరాక్స్ బాధ పోయింది, సంతోషమే. కానీ రోల్ నంబర్ పక్కన ఏముంటుందో మనకు తెలుసు. అడ్మిషన్ జాబితాలో ర్యాంకు, కేటగిరీ. ఏ రాత్రి ఏ గదిలోంచి ఏ సైట్ చూశారన్నది ఆ రోల్ నంబర్‌కు అంటుకుని ఎక్కడో ఉంటుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు సహా అందరూ తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు దాచాలి. దాచమని చట్టం చెప్పింది సరే. ఎవరు తెరిచి చూడొచ్చో మీ హాస్టల్ కాగితంలో రాసుందా?

అందుకని ఒక పని. సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నవాళ్లు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు, బీపీఎల్ అయితే అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. స్టేట్ యూనివర్సిటీ వాళ్లూ పెట్టొచ్చు. అడగాల్సినవి ఇవి. హాస్టల్ నెట్‌వర్క్ రూల్స్ పూర్తి ప్రతి ఇవ్వండి. ఒక విద్యార్థి కనెక్షన్ తీసే అధికారం ఏ హోదాలో ఉన్నవారికి ఉంది, ముందు నోటీసు ఇవ్వాలా, అప్పీలు ఎవరికి? విద్యార్థుల లాగ్‌లు ఎవరు చూడగలరు, గత మూడేళ్లలో ఎన్నిసార్లు, ఎవరు కోరితే ఇచ్చారు? మొత్తం హాస్టల్‌కు ఇంటర్నెట్ ఎన్నిసార్లు ఆపారు, ఆ ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి. సొంత కంప్యూటర్ లేని విద్యార్థులకు హాస్టల్లో ఎన్ని కంప్యూటర్లు పెట్టారు, ఏ వేళల్లో తెరిచి ఉంటాయి?

చివరి ప్రశ్న మర్చిపోవద్దు. జవాబు వచ్చినా, రాకపోయినా, "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్కలో వచ్చినా ఫొటో తీసి నాకు పంపండి, మీ పేరు కొట్టేసి. పదో భాగం మెస్ బిల్లుల గురించి అనుకున్నాను గానీ, మీ కాగితాలు ఎక్కువగా వస్తే అది వెనక్కి జరుపుతాను.